వెళ్ళొస్తానన్న మాట

తెలుగు ఇళ్ళలో గడప దాటేటప్పుడు "వెళ్తున్నాను" అనరు. "వెళ్ళొస్తాను" అంటారు. ఎవరైనా తొందరలో "వెళ్తున్నా" అనేస్తే పెద్దవాళ్ళు అక్కడే ఆపి, "వెళ్ళొస్తానని చెప్పు" అని దిద్దుతారు. బజారుకెళ్ళి కూరలు తెచ్చుకునే మనిషైనా, ఏళ్ళ తరబడి దూరదేశం వెళ్ళే మనిషైనా ఇదే మాట అని బయల్దేరాలి. మర్యాద కోసం అనే మాటే గానీ విప్పి చూస్తే ఇందులో ఒక వాగ్దానం ఉంది. వెళ్ళే మనిషి తిరిగి వస్తానని మాటిస్తోంది. ఇంట్లో ఉన్నవాళ్ళు "వెళ్ళిరా" అని ఆ మాటని ఒప్పుకుంటున్నారు. మధ్యలో సాక్షి లేడు, హామీ పత్రం లేదు.

అయితే అందరి "వెళ్ళొస్తాను" ఒకేలా చెల్లదు. కొందరి విషయంలో ఆ ఒక్క మాట చాలు. మరికొందరు దానికి రుజువులు తేవాలి. ఎవరి మాటకి రుజువు అడుగుతారు? ఆ రుజువుగా దేన్ని ఒప్పుకుంటారు? ఒక మనిషి మాటని నమ్మకపోవడానికి అయ్యే ఖర్చు ఎవరు భరించాలి? 2024 మే నెలలో నేను చెయ్యబోయి చెయ్యలేకపోయిన ఒక ప్రయాణం తర్వాత ఈ ప్రశ్నలు నన్ను వదల్లేదు. నా ఒక్కదాని ఇబ్బంది అయితే ఇంత దూరం రాయనక్కర్లేదు. స్త్రీలకి ఇల్లు చాలాకాలంగా వేస్తున్న ప్రశ్నలనే రాజ్యాలు కూడా కౌంటర్లు పెట్టి అడుగుతున్నాయని నాకు అనిపించింది కాబట్టి రాస్తున్నాను.

తిరిగి వస్తానన్న మాట గురించి మన దగ్గర ఒక పాత కథ ఉంది. ఆవు–పులి కథ. అనంతామాత్యుడి భోజరాజీయంలో గోవ్యాఘ్ర సంవాదంగా చదువుకున్నాం, అంతకు ముందే అమ్మమ్మల దగ్గర విన్నాం. మేతకెళ్ళిన ఆవుని పులి అడ్డగిస్తుంది. ఇంటి దగ్గర పాలు తాగే దూడ ఉంది, దానికి కడుపునిండా పాలిచ్చి తిరిగి వస్తాను, అప్పుడు నన్ను తినమంటుంది ఆవు. నిన్నెలా నమ్మడం అంటుంది పులి. ఆవు రకరకాలుగా ఒట్టు పెట్టి, వెళ్ళి, దూడకి బుద్ధులు చెప్పి, అన్నమాట ప్రకారం తిరిగి వస్తుంది. పులి మనసు కరుగుతుంది. సత్యం గెలిచిందని కథ ముగుస్తుంది.

చిన్నప్పుడు ఈ కథలో నాకు ఆవు మాత్రమే కనిపించేది. ఇప్పుడు చదివితే పులి కనిపిస్తోంది. పరీక్ష మొత్తం ఆవుకే. చచ్చిపోవడానికి తిరిగి వస్తానని ఒట్లు పెట్టుకోవలసింది ఆవే. నువ్వు దారి కాచి పట్టుకునే హక్కు నీకెవరిచ్చారని పులిని అడిగేవాళ్ళు కథలో లేరు. నమ్మకం గురించి మన సంప్రదాయం చెప్పిన గొప్ప కథలో కూడా రుజువు చూపించే బాధ్యత బలహీనురాలిదే. అదీ తల్లిది.

ఈ కథ నాకు గుర్తొచ్చింది వీసా దరఖాస్తు నింపుతున్నప్పుడు. జర్మనీలో ఒక విశ్వవిద్యాలయ పట్టణంలో మౌఖిక సాహిత్యం మీద మూడు రోజుల సదస్సు. తెలుగు అప్పగింతల పాటల మీద నా పత్రం ఎంపికైంది. ఇరవై నిమిషాల ప్రసంగం. పిహెచ్‌డి అయిన తర్వాత నా పనిని బయటి పరిశోధకుల ముందు పెట్టే మొదటి అవకాశం అది. నేను ఉండేది బాచుపల్లిలో, ఒక అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో, మా అమ్మతో. ఉద్యోగం కాంట్రాక్టు అధ్యాపకురాలిగా. పెళ్ళి కాలేదు, పిల్లలు లేరు, నా పేరున స్థలం లేదు. ఈ వివరాలు నా జీవితంలో నాకు లోటుగా ఎప్పుడూ అనిపించలేదు. దరఖాస్తులో మాత్రం ఒక్కొక్కటీ ఖాళీ గడిగా కనిపించింది.

షెంగెన్ దేశాల వీసా కోడ్ 2009 నాటిది. దాని 32వ అధికరణం ప్రకారం, గడువు లోపల తిరిగి వెళ్ళిపోతారన్న విషయంలో సహేతుకమైన సందేహం ఉంటే దరఖాస్తుని తిరస్కరించవచ్చు. అమెరికా చట్టం ఇంకా సూటిగా ఉంటుంది. 1952 నాటి వలస చట్టంలోని 214(బి) సెక్షన్ ప్రకారం వీసా అడిగే ప్రతి మనిషినీ, కొన్ని తరగతుల్ని మినహాయిస్తే, అక్కడే ఉండిపోవడానికి వస్తున్న మనిషిగానే ముందుగా భావించాలి. కాదని రుజువు చేసుకోవలసింది దరఖాస్తుదారే. నేరం మోపబడిన మనిషి విషయంలో న్యాయశాస్త్రం నిర్దోషి అన్న భావనతో మొదలవుతుంది. అతిథి విషయంలో ఆ వరస తలకిందులైంది.

సరే, రుజువు చేద్దాం. కానీ దేన్ని? రేపటి గురించి ఇచ్చిన మాటకి ఈ రోజు రుజువు ఎలా ఉంటుంది? రేపు నేనేం చేస్తానో చూపించే కాగితం లోకంలో ఎక్కడా లేదు. అందుకని వాళ్ళు అడిగేది వేరే దాన్ని. నిన్ను వెనక్కి లాగే తాళ్ళు చూపించు అంటారు. భర్త, పిల్లలు, భూమి, పర్మనెంటు ఉద్యోగం, బ్యాంకులో డబ్బు. నా మాట నిజమా కాదా అని ఎవరూ చూడడం లేదు, నన్ను ఎంత గట్టిగా కట్టేసి ఉంచారో కొలుస్తున్నారు. కట్టు గట్టిగా ఉన్న మనిషి నమ్మదగ్గ మనిషి అయింది. ఇక్కడ నాకు పులి కంటే ఊరి పెద్దలు గుర్తొచ్చారు. ఒంటరి స్త్రీ అనగానే అద్దె ఇంటి యజమాని మొహంలో కనిపించే సందేహమే ఇది.

ఒక స్నేహితురాలి అనుభవం చెప్తాను. ఆమెకి నాలుగేళ్ళ బాబు. నెల రోజుల ఫెలోషిప్ కోసం వాడిని కూడా తీసుకెళ్దామనుకుంది. అమీర్‌పేటలో సలహా ఇచ్చే ఆయన, "పిల్లాణ్ణి ఇక్కడే వదిలెయ్యండి మేడమ్, అప్పుడు మీరు తిరిగొస్తారని నమ్ముతారు" అన్నాడు. ఆయన చెడ్డమనిషేం కాదు, ఆ వ్యవస్థ ఎలా ఆలోచిస్తుందో తెలిసిన మనిషి. ఆమె వాడిని వదిలే వెళ్ళింది. దూడని చూసి వస్తానని ఆవు సెలవు అడిగింది. ఇప్పుడు దూడనే తాకట్టు పెట్టమంటున్నారు.

భార్యగా వెళ్ళే స్త్రీల సంగతి మరోలా ఉంటుంది. మా చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో అమెరికాకి కోడళ్ళుగా వెళ్ళినవాళ్ళు లేని అంతస్తు తక్కువ. హెచ్‌–4 వీసా మీద వెళ్ళే స్త్రీని తిరిగి వస్తావా అని పెద్దగా అడగరు, ఆయనకి నువ్వు నిజంగా భార్యవేనా అని అడుగుతారు. పెళ్ళి ఆల్బమ్ పట్టుకెళ్ళి చూపించాలి. అలా వెళ్ళినవాళ్ళకి 2015 మే 26 వరకు అక్కడ ఉద్యోగం చేసే అనుమతి లేదు, ఆ తర్వాత కూడా కొందరికే దొరికింది. ఒంటరిగా వెళ్ళే స్త్రీ ఇక్కడ ఎవరికి చెందిందో చెప్పాలి, భార్యగా వెళ్ళే స్త్రీ అక్కడ ఎవరికి చెందిందో చెప్పాలి. తనకి తానుగా ఎవరు అన్న గడి ఏ ఫారంలోనూ లేదు.

మా అమ్మ ఇదంతా చూసి, "నేను లేనూ? నన్ను చూపించు" అంది. అమ్మ అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరయింది. ఆమె ఆరోగ్యం, మందులు, సాయంత్రం ఇద్దరం కలిసి తాగే టీ, నేను తిరిగి రావడానికి ఇంతకంటే బలమైన కారణం నాకు లేదు. కానీ పిల్లలు తల్లిని కట్టేస్తారని ఒప్పుకునే లెక్కలో తల్లి కూతుర్ని కట్టేస్తుందన్నది పెద్దగా లెక్కకి రాదు. ఆడపిల్ల ఎప్పటికైనా తల్లిని వదిలి వెళ్ళేదే కదా అన్న మన ఇళ్ళలోని నమ్మకం ఆ లెక్కలోకి ఎలా వెళ్ళిందో నాకు తెలీదు. చివరికి అమ్మ పేరున ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ కాగితం ఫైల్లో చేరింది. అమ్మ చేరలేదు.

ఇక్కడ అవతలి పక్షం వాదన కూడా వినాలి. వీసా మీద వెళ్ళి గడువు దాటి ఉండిపోయేవాళ్ళు ఉన్నారు. దొంగ సర్టిఫికెట్లు అమ్మేవాళ్ళు మన హైదరాబాదులోనే ఎన్నోసార్లు పట్టుబడ్డారు. ఏ దేశానికైనా జాగ్రత్త పడే హక్కు ఉండదా? ఉంటుంది. మా బాచుపల్లి రోడ్ల మీద సగం హోర్డింగులు విదేశీ చదువులవే. చిలుకూరు బాలాజీని వీసా బాలాజీ అని పిలుచుకునే నగరం ఇది. మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. ఇంత ఆశ పోగుపడిన చోట అబద్ధం కూడా పోగుపడుతుంది, కాదనను.

కానీ ఆ అబద్ధానికి మూల్యం ఎవరు చెల్లించారో చూడండి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు అక్కడి విద్యార్థుల్లో ఎక్కువమంది తెలుగువాళ్ళు. కొందరి కాళ్ళకి రేడియో పట్టీలు తగిలించారు. 2015 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళవలసిన విద్యార్థుల్ని శంషాబాదులోనే విమానం ఎక్కనివ్వలేదు. వాళ్ళ చేతుల్లో చెల్లే వీసాలున్నాయి. అవతల దిగాక వెనక్కి పంపేస్తున్నారు కాబట్టి ఇవతలే ఆపేశామని విమాన సంస్థ చెప్పింది. 2019లో బయటపడిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అయితే అమెరికా అధికారులే వల వెయ్యడానికి పెట్టిన సంస్థ. తరగతులు లేవు, అధ్యాపకులు లేరు. అరెస్టయిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది మన దేశం వాళ్ళు. నిజం చెప్పమని ప్రతి కాగితం మీద సంతకం పెట్టించుకునే ప్రభుత్వం, లేని విశ్వవిద్యాలయాన్ని ఉన్నట్టు చూపించింది. మోసం చేసినవాళ్ళని పట్టుకోవద్దని ఎవరూ అనరు. కొందరి మోసం మూలంగా అందరినీ అనుమానించడం, ఆ అనుమానం ఖర్చు అందరిచేతా కట్టించడం న్యాయమా అన్నదే ప్రశ్న.

ఖర్చు అంటే రూపాయలు కూడా. అప్పటికి షెంగెన్ వీసా రుసుము 80 యూరోలు, ఆ జూన్ 11 నుంచి 90 అయింది. వీసా ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. పాస్‌పోర్టు వాళ్ళ దగ్గర ఉన్నన్నాళ్ళూ ఇంకెక్కడికీ కదలలేం. నిర్ణయానికి మామూలు గడువు 15 రోజులు, అవసరమైతే 45 వరకు పెంచుకోవచ్చు. ఆ గడువు పెంచుకునే వెసులుబాటు వాళ్ళకి ఉంది. సదస్సు తేదీ పెంచుకునే వెసులుబాటు నాకు లేదు. నా పాస్‌పోర్టు బయల్దేరే రోజుకి రెండు రోజుల ముందు చేతికొచ్చింది. సరిగ్గా నేను అడిగిన రోజులకే వీసా. అప్పటికే టికెట్ ధర మొదట చూసినదానికి రెండింతలు దాటింది.

మే 27 రాత్రి విమానం. బాచుపల్లి నుంచి శంషాబాదు 40 కిలోమీటర్ల పైనే. అయిదు గంటల ముందు ఇల్లు కదిలాను. చెక్–ఇన్ దగ్గర నా కాగితాలన్నీ మళ్ళీ చూశారు. హోటల్ బుకింగ్, ఆహ్వానపత్రం, తిరుగు టికెట్. తగిన పత్రాలు లేని మనిషిని తీసుకొస్తే విమాన సంస్థకి జరిమానా పడుతుంది. అందువల్ల సరిహద్దు అధికారి చెయ్యాల్సిన పని టికెట్లు చూసే అమ్మాయి చేస్తుంది. ఆ అమ్మాయికి ఇరవై అయిదేళ్ళుంటాయేమో. నా ముఖం వంక, పాస్‌పోర్టు వంక మార్చి మార్చి చూస్తూ తను కూడా భయపడుతూనే ఉంది. తర్వాత విమానం కదల్లేదు. మొదట గంట అన్నారు, తర్వాత మూడు గంటలు. తెల్లవారాక ఎగిరింది. కారణం అడిగితే "ఆపరేషనల్ కారణాలు" అన్నారు. గల్ఫ్‌లో మారవలసిన విమానం మేం దిగేసరికి వెళ్ళిపోయింది. జర్మనీకి మళ్ళీ సీటు 30వ తేదీ మధ్యాహ్నానికి ఉందన్నారు. సదస్సు 30 సాయంత్రంతో అయిపోతుంది. నా ప్రసంగం 29 ఉదయం.

ఈ రెండు ఆలస్యాలనీ పక్కపక్కన పెట్టి చూడండి. నా కాగితాల్లో ఒక్క తేదీ తేడా వస్తే నా ప్రయాణం రద్దయ్యేది. పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా అంతే. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది. సర్టిఫికెట్లలో అది పొడి అక్షరంగా ఉంటుంది, పెళ్ళయితే మారుతుంది. ఈ మూడింటినీ కలిపి ఒక్క మనిషేనని చూపించడానికి ఎంతమంది స్త్రీలు నోటరీల చుట్టూ తిరిగారో మీకు తెలుసు. వ్యవస్థ ఆలస్యానికి మాత్రం రెండు పదాల కారణం చాలు.

ఆలస్యానికి చట్టం లేకపోలేదు. 1999 నాటి మాంట్రియల్ ఒప్పందంలో 2009లో మన దేశం కూడా చేరింది. ఆలస్యం వల్ల నష్టం జరిగితే విమాన సంస్థ బాధ్యత వహించాలి, తను చెయ్యగలిగిందంతా చేశానని చూపించుకోగలిగితే తప్ప. ఆ నష్టాన్ని మనం లెక్కకట్టి చూపించాలి. హోటల్ బిల్లు చూపించగలను. చదవని పత్రానికి బిల్లు ఎవరిస్తారు? యూరోపియన్ యూనియన్ 2004లో తెచ్చిన నిబంధన ఇంకా ఉదారమైనది. దూర ప్రయాణంలో ఎక్కువ ఆలస్యమైతే 600 యూరోల వరకు పరిహారం ఇవ్వాలి. కానీ అది యూరప్‌లో బయల్దేరే విమానాలకి, యూరప్ సంస్థల విమానాలకి వర్తిస్తుంది. బయటి సంస్థ విమానంలో అటువైపు వస్తున్న నాలాంటి మనిషికి వర్తించదు. అక్కణ్ణించి తిరిగి వచ్చేటప్పుడైతే వర్తించేది. రావడమే కదా వాళ్ళు కోరేది.

30న ఎక్కి వెళ్ళవచ్చు. వీసాకి గడువుంది. కానీ సరిహద్దు దగ్గర ఎందుకు వచ్చావని అడిగితే ఏం చెప్పాలి? సదస్సు కోసం అంటే అది అయిపోయింది. ఊరు చూడటానికి అంటే వీసా తీసుకున్న కారణం అది కాదు. ఎవరో చేసిన ఆలస్యం వల్ల నేను నిజం చెప్పినా అబద్ధంలా వినిపించే చోటికి వచ్చాను. వెనక్కి వెళ్ళిపోతానని చెప్పాను. మర్నాటి హైదరాబాదు విమానంలో సీటిచ్చారు. ఊళ్ళోకి వెళ్ళి పడుకోవడానికి ఆ దేశం వీసా లేదు కనుక ఆ రాత్రంతా కుర్చీల్లోనే. వెళ్ళొస్తానన్న మాటలో వెళ్ళడం పోయి రావడం ఒక్కటే మిగిలింది. నేను తిరిగి వస్తానని అంతమందికి రుజువు కావాలి కదా, వెళ్ళకుండానే రుజువు చేశాను.

ఆ కుర్చీల్లో నా పక్కన ఒకామె కూర్చుని ఉంది. నలభై అయిదేళ్ళ పైన ఉంటాయి. కోనసీమ మనిషి. కువైట్‌లో ఆరేళ్ళు ఇంటిపని చేసి వెళ్ళిపోతోంది. ఆమె చేతిలో పాస్‌పోర్టు లేదు. ఎంబసీ ఇచ్చిన ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఉంది. గల్ఫ్‌లో మనవాళ్ళు దాన్ని ఔట్‌పాస్ అంటారు. ఒక్కసారికి, ఇంటివైపుకి మాత్రమే చెల్లే కాగితం. అకామా లేకుండా ఉండిపోయినవాళ్ళకి 2024 మార్చి 17 నుంచి కువైట్ ప్రభుత్వం ఇచ్చిన క్షమాభిక్షలో బయటపడింది.

"ఆళ్ళింట్లో దిగిన రోజే పాస్‌పోర్టు తీసేసుకున్నారండి. ఇత్తే పారిపోతానంట. ఎక్కడికి పారిపోతానండి, మా ఊరికేగా" అంది. నా సంగతి అడిగితే చెప్పాను. కాసేపు ఆలోచించి, "మీరేం తప్పు చేసేరండి మిమ్మల్ని ఎనక్కి పంపేత్తన్నారు? ఇమానం లేటైతే ఇమానాన్ని పంపాలి గానండి" అని నవ్వింది. ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత తన సంచిలోంచి ఖర్జూరాల పొట్లం తీసి నా చేతిలో పెట్టింది.

ఆమెనీ నన్నూ ఒక గాటన కట్టలేను. నేను పోగొట్టుకున్నది ఒక ప్రసంగం, కొంత డబ్బు. ఆమె పోగొట్టుకున్నది కూతురి పెళ్ళి చూసే అవకాశం, తల్లి చివరి చూపు. నా దగ్గర బ్యాంకు కాగితాలున్నాయి, మాట్లాడటానికి ఇంగ్లీషుంది. కానీ మా ఇద్దరి విషయంలోనూ పనిచేసింది ఒకే అనుమానం, అటూ ఇటూ తిరిగి. నువ్వు ఇంటికి వెళ్ళిపోవేమో అని నన్ను అనుమానించారు. నువ్వు ఇంటికి వెళ్ళిపోతావేమో అని ఆమెని అనుమానించారు. నా దగ్గర రుజువు అడిగారు. ఆమె దగ్గర పాస్‌పోర్టే తీసుకున్నారు. కువైట్‌లో 2015 నాటి 68వ చట్టం ఇంటిపనివాళ్ళ పాస్‌పోర్టు యజమాని అట్టే పెట్టుకోకూడదంటుంది. మన 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం 17వ సెక్షన్ ప్రకారం పాస్‌పోర్టు ఎప్పటికీ కేంద్ర ప్రభుత్వ ఆస్తి. యజమానిది కాదు సరే, ఆమెది కూడా కాదు. ఎవరి ఆస్తి అయినా ఆరేళ్ళు ఆ బీరువాలోనే ఉంది.

మన ప్రభుత్వం కూడా ఈమె మాటని నమ్మలేదు. ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళే, చదువు లేని స్త్రీకి ముప్పై ఏళ్ళు నిండాలని నియమం పెట్టింది. రక్షణ కోసమే అన్నారు. మగ కూలీకి ఆ నియమం లేదు. నియమాన్ని తప్పించడానికి ఏజెంట్లు విజిట్ వీసాల మీద పంపడం, వయసు మార్చి రాయించడం మొదలుపెట్టారు. అలా వెళ్ళిన స్త్రీ పేరు ఏ లెక్కల్లోనూ ఉండదు, కష్టమొస్తే వెతకడానికి ఆధారం ఉండదు. ఇంట్లో ఆడపిల్లని బయటికి పంపకపోవడానికి చెప్పే కారణం కూడా రక్షణే. దాంతో తలుపులు మూతపడవు, చాటుదారులు తెరుచుకుంటాయి.

మార్పు అసలు రాలేదని కాదు. మేనకా గాంధీ పాస్‌పోర్టుని 1977లో ప్రజాప్రయోజనం పేరుతో స్వాధీనం చేసుకున్నప్పుడు ప్రభుత్వం కారణం చెప్పడానికి నిరాకరించింది. 1978 జనవరి 25న సుప్రీంకోర్టు, విదేశం వెళ్ళే హక్కు వ్యక్తి స్వేచ్ఛలో భాగమని, దాన్ని ఆపే పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండాలని చెప్పింది. మన రాజ్యాంగ న్యాయానికి ఆ కేసు ఒక మలుపు. 2016 డిసెంబరులో పాస్‌పోర్టు నియమాలు మారాయి. తల్లిదండ్రుల్లో ఒకరి పేరు చాలన్నారు, పెళ్ళి సర్టిఫికెట్ అక్కర్లేదన్నారు, విడాకులు తీసుకున్న స్త్రీ మాజీ భర్త పేరు రాయనక్కర్లేదన్నారు. ఇవన్నీ ఎంతోమంది ఒంటరి తల్లులు ఆఫీసుల చుట్టూ, కోర్టుల చుట్టూ తిరిగితే వచ్చినవి.

అయినా ఈ హక్కులన్నీ ఇవతలి ఒడ్డువే. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 13వ అధికరణం ఏ దేశాన్నయినా విడిచి వెళ్ళే హక్కు, స్వదేశానికి తిరిగి వచ్చే హక్కు మనిషికి ఉన్నాయంటుంది. ఇంకో దేశంలో అడుగు పెట్టే హక్కు అందులో లేదు. వదిలి వెళ్ళే హక్కు ఉంది, చేరే చోటు మాత్రం ఎదుటివాళ్ళ దయ. నా పత్రంలో నేను రాసుకున్న అప్పగింతల దృశ్యం ఇదే. పుట్టింటి గడప దాటడం ఆడపిల్లకి విధి. అవతలి గడపలో ఆమె స్థానం అత్తవారి ఇష్టం. తల్లి వియ్యపురాలి చేతులు పట్టుకుని బతిమాలుతుంది. ఆ బతిమాలడంలో హక్కు అనే మాట ఎక్కడా ఉండదు.

తిరిగి వచ్చాక మరో కౌంటరు ఎదురైంది. నేను పనిచేసే సంస్థ ప్రయాణ ఖర్చులో సగం అడ్వాన్సుగా ఇచ్చింది. సదస్సుకి హాజరైనట్టు సర్టిఫికెట్ కావాలన్నారు. హాజరు కాలేదు. ఆలస్యమైనట్టు విమాన సంస్థ ఇచ్చిన ఉత్తరం చూపించాను. అది నియమాల్లో ఉన్న పత్రం కాదన్నారు. అడ్వాన్సు నా జీతంలోంచి నెలనెలా కోసుకున్నారు. వీసా రుసుము నాది, టికెట్టు నాది, పోయిన అవకాశం నాది, కోత కూడా నాది. ఇన్ని సంస్థలు కలిసి చేసిన ఒక ఆలస్యంలో ఎవరికీ ఒక్క రూపాయి పోలేదు, నాకు తప్ప.

అందుకే నేను అనేది ఇది. అనుమానించే హక్కుని కాదనను. కానీ అనుమానం కూడా ఒక పని, దానికి ఖర్చుంది. ఆ ఖర్చంతా అనుమానితురాలే భరించాలంటే అనుమానించేవాళ్ళకి ఇంక హద్దేముంటుంది? ఉచితంగా దొరికే వస్తువుని ఎవరు పొదుపుగా వాడతారు? నమ్మనని చెప్పే అధికారం ఉన్నవాళ్ళకి కొన్ని బాధ్యతలు ఉండాలి. ఎందుకు నమ్మడం లేదో ఆ మనిషికి అర్థమయ్యేలా చెప్పాలి. ఆమె పని గడువు లోపల తేల్చాలి. సందేహం తప్పని తేలితే తీసుకున్న రుసుము తిరిగి ఇవ్వాలి. ఆలస్యం ఎవరివల్ల జరిగితే దాన్ని రుజువు చేసే భారం వాళ్ళమీదే ఉండాలి. ఇవి పెద్ద దేశాలకి మాత్రమే చెప్పడం లేదు. ఇంటర్వ్యూలో కూర్చుని, పెళ్ళయితే పరిశోధన కొనసాగిస్తావా అని అమ్మాయిల్ని అడిగే మన విభాగాలకి కూడా చెప్తున్నాను. సదస్సులు నిర్వహించే మిత్రులకీ చెప్తున్నాను. ఆహ్వానపత్రం నాలుగు నెలల ముందు పంపండి. రాలేకపోయిన మనిషి పత్రాన్ని ఎవరితోనైనా చదివించండి. రాకపోవడం ఆమె నిర్లక్ష్యమని ముందే అనుకోకండి.

ఆ కథలో పులి పట్ల నేను కొంచెం కఠినంగా ఉన్నానేమో. ఆవుని వదిలేశాక అది ఆకలితో కూర్చుంది. ఆవు రాకపోతే ఆ పూట పస్తే. ఆ నష్టానికి సిద్ధపడే ఆవుని వెళ్ళనిచ్చింది. నమ్మడమంటే అంతే కదా, మోసపోతే పోయేది మనది కూడా అయి ఉండాలి. ఇప్పటి కౌంటర్ల వెనక ఆ ఆకలి లేదు. అక్కడ కూర్చున్నవాళ్ళు ముందే భోంచేసి వచ్చారు.

ఈ మధ్య నా విద్యార్థిని ఒకామె ఉత్తరం కోసం వచ్చింది. తనూ పెళ్ళి కాని అమ్మాయే. తను చదువు ముగించుకుని తప్పకుండా తిరిగి వస్తుందని రాసివ్వమంది. అలా రాస్తే బాగుంటుందని ఎవరో చెప్పారట. ఇరవై నాలుగేళ్ళ మనిషి రెండేళ్ళ తర్వాత ఎక్కడుండాలనుకుంటుందో ఇప్పుడు నేనెలా రాయను? రాస్తే ఆమెని కట్టే తాళ్ళలో నేనూ ఒక తాడునవుతాను. అమ్మాయి ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగాను, నువ్వేమనుకుంటున్నావని. వస్తాననే అనుకుంటున్నాను మేడమ్ అంది. ఈ అమ్మాయిని అయిదేళ్ళుగా ఎరుగుదును, ఈమె నాతో తిరిగి వస్తానంది, ఈమె మాటని నేను నమ్ముతున్నాను అని రాసి సంతకం పెట్టాను. అది ఏ అధికారికి సరిపోతుందో తెలీదు. ఆమె రాకపోతే తర్వాత వచ్చే విద్యార్థినులకి నా సంతకం విలువ కొంత తగ్గుతుంది. తగ్గితే తగ్గనీ. లేచి వెళ్తూ ఆమె "వెళ్ళొస్తాను మేడమ్" అంది. వెళ్ళిరా అన్నాను.